హేరోదు అడిగిన సమయం

భీమవరం,
జనవరి నెలాఖరు ఆదివారం.

అక్కకు ప్రమీల వందనాలు.

బావ మోకాలి నొప్పి ఎలా ఉందో, పెద్దాడి పరీక్షలు ఎప్పుడో, పిన్నమ్మ కంటి ఆపరేషన్ అయిందో లేదో ముందు రాయి. ఇక్కడ నేను బాగానే ఉన్నాను. వేళకు తింటున్నాను. బీపీ మాత్ర మరచిపోవడం లేదు. నువ్వు నమ్మవని తెలుసు కాబట్టి రెండోసారి కూడా రాస్తున్నాను, బాగానే ఉన్నాను.

ఫోన్లో చెప్పక ఉత్తరమేంటి అంటావు. ఫోన్లో అయితే మధ్యలో నువ్వు అడ్డుపడతావు, నేను సర్దుకుని మంచి మాటలు చెబుతాను. ఈసారి చెప్పాల్సింది మొదటి నుంచి చివరిదాకా వరసగా చెప్పాలి. చదివాక కాస్త రోత పుడుతుంది. ఆ రోతలో సగం నా మీదే.

అనంతపురంలో మా పేపరు ఎడిషన్ మూసేసి నన్ను ఇక్కడికి పంపి నాలుగు నెలలు దాటింది. గది కాలువ గట్టు మీద, మేడ పైన. జనవరి మంచు పొద్దున ఎనిమిదిదాకా తేలదు. ఎటు చూసినా నీళ్లే అక్కా. వరి చేలల్లో నీళ్లు, చేపల చెరువుల్లో నీళ్లు, రొయ్యల చెరువుల్లో నీళ్లు. తాగడానికి మాత్రం టిన్ను కొనుక్కోవాలి. మన ఊళ్లో నీళ్లు లేక కొనేవాళ్లం, ఇక్కడ నీళ్ల మధ్య కూర్చుని కొంటున్నాను. కూరల్లో ఎక్కడో ఒక చోట తీపి తగులుతుంది. ఇంటావిడ చేపల పులుసు పంపితే మొహమాటానికి తింటాను. నాకు జొన్నరొట్టె కావాలి. ఎవరైనా ఇటు వస్తుంటే రెండు కేజీల జొన్నపిండి, వేరుశనగ పొడి ఒక డబ్బా పంపు.

మనుషులు మంచివాళ్లు. బస్సులో కండక్టరు కూడా "దిగుతారాండి అమ్మగారు" అంటాడు. మొదట్లో ఆ 'అండి' వింటే ఎంత హాయిగా ఉండేదో. ఇప్పుడు కొందరి నోట వింటే ఒళ్లు జలదరిస్తోంది. ఎందుకో చెబుతాను.

ఆదివారాలు ఇక్కడొక చిన్న గుడికి వెళ్తున్నాను, ఇక్కడివాళ్లు చర్చి అంటారు. అక్కడ పరిచయమైన మనిషి కరుణ. అది ఆమె అసలు పేరు కాదు. నీకు రాసే ఉత్తరంలో కూడా అసలు పేరు రాయడం లేదు, ఆ అలవాటు కొత్తగా చేసుకుంటున్నాను. వయసు నలభై లోపే. ఊరి బయట ఒక రొయ్యల ప్లాంటులో పద్నాలుగేళ్లుగా రొయ్యలు వలుస్తోంది. తల తీసి, పొట్టు తీసి, వీపు మీది నల్లటి నరం లాగి ట్రేలో వేయాలి. వందలమంది ఆడవాళ్లు, నిలబడే పని, మంచు నీళ్లలో చేతులు. కంపెనీ బస్సు వాళ్లను పల్లెల నుంచి తెచ్చి మళ్లీ దింపుతుంది.

నిరుడు ఆ ప్లాంటులో రెండు మార్పులు వచ్చాయి. ఒకటి గేటు దగ్గర. స్తంభానికి పలక లాంటి మిషను బిగించారు. దాని ముందు ముఖం పెడితే పచ్చలైటు వెలిగి, పేరు పడి, గేటు తెరుచుకుంటుంది. రెండోది లోపల. ప్రతి టేబులు పైన కెమెరా. అది ముఖాలు చూడదు. మాస్కులు, టోపీలు ఉంటాయి కదా. అది చేతులు చూస్తుంది. చేతులు ఆగితే, సూపర్‌వైజరు దగ్గరున్న తెర మీద ఆ మనిషి నంబరు పక్కన ఎర్రచుక్క పడుతుంది.

క్రిస్మస్‌కు రెండు వారాల ముందు ఆరాధన అయ్యాక గుడి ఆవరణలో కరుణ ఈ సంగతి చెప్పింది.

"మూడు చుక్కలు పడితే సూపర్‌వైజరు గారు పిలుస్తారండి. అయిదు పడితే మర్నాడు బస్సెక్కొద్దంటారండి. నీళ్లు తాగితే బాత్రూముకెళ్లాలి కదాండి. అందుకని మావోళ్లు నీళ్లే మానేశారండి."

"ఎవరికైనా ఏమైనా అయిందా?"

"మొన్న గురువారం మా టేబులు మీద పిల్ల పడిపోయిందండి. అయిదో నెల. పొద్దుట్నించి గుక్కెడు నీళ్లు తాగలేదు. నేనే లేపి, ఐసు పెట్టె మీద కూర్చోబెట్టి, గ్లౌజులు తీసి చేతులు రాశాను. నాక్కూడా ఎర్రచుక్క పడింది."

"నీకెందుకు?"

"లేపినప్పుడు నా చేతుల్లో రొయ్య లేదు కదాండి మరి" అంది. నవ్వుతూనే అంది.

ఆ పిల్లా, కడుపులో బిడ్డా ఇద్దరూ బాగానే ఉన్నారు, కంగారు పడకు. పుట్టింటికి వెళ్లిపోయింది.

తర్వాత రెండు వారాల్లో ఆ ప్లాంటు ఆడవాళ్లలో మరో పదకొండు మందిని కలిశాను. ఒక్కొక్కరిని విడిగా, వాళ్ల ఇళ్ల దగ్గర. అందరూ ఒకే మాట చెప్పారు, ఒకరికొకరు తెలియకుండా. పేర్లు, ఊళ్లు, టేబులు నంబర్లు నోటుబుక్కులో రాసుకున్నాను. ఇరవై ఆరేళ్లుగా నా పని అదే. నాకు విశేషణాలు రావు. తేదీ, సమయం, చోటు, ఎవరు చూశారు. ఇవి ఉంటే వార్త నిలబడుతుంది, లేకపోతే పడిపోతుంది. కొత్తగా చేరిన పిల్లలకు కూడా నేను నేర్పింది ఇదే.

ఇంకొకటి కూడా నేర్పాను. అవతలి పక్షాన్ని అడగకుండా రాయకూడదని. క్రిస్మస్ వెళ్లిన సోమవారం ప్లాంటు ఆఫీసుకు వెళ్లాను. హెచ్.ఆర్. మేనేజరు ముప్పై అయిదేళ్ల మనిషి, మంచి చొక్కా, మంచి మాట. లేచి నిలబడి కుర్చీ చూపించాడు. కాఫీ తెప్పించాడు.

"మీలాంటి సీనియర్లు ముందు మా దగ్గరికి రావడం చాలా సంతోషమండి మేడమ్. చాలామంది అడక్కుండానే రాసేస్తారు" అన్నాడు.

నాకు బాగుంది. నిజం చెబుతున్నాను, ఆ మాట నాకు బాగుంది.

ఒక గర్భిణి నీళ్లు తాగక పని దగ్గర పడిపోయిందట, ఆమెను లేపిన మనిషికి కూడా మీ మిషను తప్పు వేసిందట, నిజమేనా అని అడిగాను. ఆయన ముఖం బాధగా పెట్టాడు.

"అలా జరిగుంటే మాకే సిగ్గండి. ఎప్పుడు జరిగిందో కరెక్టుగా చెబితే చూసి, ఉన్నదున్నట్టు చెప్పేస్తాను."

"క్రిస్మస్‌కు రెండు వారాల ముందటి గురువారం. మధ్యాహ్నం మూడు దాటాక. ఆరో టేబులు."

కాగితం మీద రాసుకున్నాడు. "మూడు దాటాక అంటే సుమారు ఎంతవుతుందండి?"

"మూడుంపావు లోపు."

"థాంక్సండి. ఇంత క్లియర్‌గా ఎవరూ చెప్పరండి."

కరుణ పేరు నేను చెప్పలేదు. ఎవరి పేరూ చెప్పలేదు. మెట్లు దిగుతూ నా జాగ్రత్తకు నన్ను నేనే మెచ్చుకున్నాను కూడా.

మర్నాడు పొద్దున కరుణ గేటు దగ్గర మిషను ముందు ముఖం పెట్టింది. ఎర్రలైటు వెలిగింది. గుర్తించలేదు అని తెర మీద పడింది. కొంగుతో ముఖం తుడుచుకుని మళ్లీ పెట్టింది. మళ్లీ అదే. వెనక వరసలో వాళ్లు ఆమెను దాటుకుని ఒక్కొక్కరే లోపలికి వెళ్లిపోయారు. గేటు దగ్గర గార్డు ఆమె పక్క ఊరివాడే, అరవై దాటిన మనిషి. ఆమె బాబాయ్ అని పిలుస్తుంది.

"బాబాయ్, నేనెవరో నీకు తెలీదా?"

"నాకు తెలుసే అమ్మాయ్. మిషనుకే తెలీట్లేదు."

తర్వాతి మూడు రోజులూ ఇంతే. నేను మేనేజరుకు ఫోన్ చేశాను.

"టెక్నికల్ ప్రాబ్లమండి. సాఫ్ట్‌వేరోళ్లు బెంగుళూరులో ఉంటారు. కంప్లైంట్ పెట్టాం."

"ఆమెను పనిలోంచి తీసేశారా?"

"ఛ ఛ, ఎవరు తీసేశారండి? ఆవిడ మా ఎంప్లాయీయేనండి."

అక్కా, ఇరవై ఆరేళ్లలో నేను తాళాలు వేసిన మిల్లులు చూశాను, లాఠీలు చూశాను, మొహం మీదే బూతులు తిట్టిన యజమానులను చూశాను. వాళ్ల మీద కోపం వచ్చేది. ఇది కోపం కాదు. ఇక్కడ తీసేసినవాడు లేడు. ఉత్తర్వు లేదు, కాగితం లేదు, కారణం లేదు. పద్నాలుగేళ్లు పనిచేసిన మనిషిని ఒక పలక నువ్వెవరో తెలియదంటుంది. పక్కన నిలబడిన మనుషులంతా పాపం, మిషను అంటారు. ఆ ఫోన్ పెట్టేశాక చేయి కడుక్కోవాలనిపించింది. కడుక్కున్నాను కూడా.

ఆ ఆదివారం గుడిలో జ్ఞానుల పండగ. ఇక్కడ ప్రత్యక్షతా పండుగ అని బోర్డు మీద రాస్తారు. మనింట్లో ఎప్పుడూ జ్ఞానుల పండగేగా. మన ఊళ్లో నలభయ్యేళ్లుగా నువ్వు వేయించే నాటికే, జ్ఞానులు నక్షత్రం వెంట బాలయేసును వెతుక్కుంటూ వచ్చేది, ఇక్కడ కూడా వేశారు. నన్ను మూడో జ్ఞానిని చేసి, అమ్మ పట్టుచీర నా చుట్టూ చుట్టి, నడవలేక పడితే జనం నవ్వడం నీకు గుర్తుండే ఉంటుంది. ఇక్కడ జ్ఞానుల కిరీటాలు రొయ్యలు ప్యాక్ చేసే థర్మోకోల్ పెట్టెల మూతలు కోసి చేశారు. హేరోదు వేషం పదో తరగతి అమ్మాయి వేసింది. ప్లాస్టిక్ కుర్చీ మీద ఎర్ర దుప్పటి, అదే సింహాసనం.

కరుణ నా పక్కనే కూర్చుంది. నాటిక మొదలవగానే నా చెవిలో అడిగింది.

"మేడమ్ గారండి, నక్షత్రం దారి చూపిస్తుండగా వీళ్లు రాజుగారింటికి ఎందుకెళ్లారండి? నేరుగా పోవచ్చుగా?"

"కన్ఫర్మ్ చేసుకోడానికి" అన్నాను. ఆలోచించకుండానే వచ్చేసింది ఆ మాట.

"మరేనండి. మీలాగే" అంది.

ఎత్తిపొడుపో, ఊరికే అన్నదో ఇప్పటికీ తెలియదు. ఆమె కళ్లు నాటిక మీదే ఉన్నాయి. స్టేజీ మీద హేరోదు లేచి నిలబడింది. జ్ఞానులకు కుర్చీలు చూపించింది. ఆ నక్షత్రం మీకు ఎప్పుడు కనబడిందో సరిగ్గా చెప్పండి, నేనూ వెళ్లి ఆ బిడ్డకు మొక్కుతాను అంది. మర్యాదగానే అంది. పిల్లలు మూడు గొంతులతో సమయం చెప్పారు. జనం చప్పట్లు కొట్టారు.

నేను కొట్టలేకపోయాను. హేరోదు వాళ్లను బిడ్డ పేరు అడగలేదు అక్కా. సమయం అడిగాడు. యాభై ఏళ్లుగా వింటున్న వాక్యం, నాకు ఎప్పుడూ అది వినబడలేదు. వాళ్లు చెప్పిన సమయాన్ని బట్టే తర్వాత రెండేళ్ల లోపు మగపిల్లలందరినీ చంపండి అని లెక్క కట్టాడు. ఆ భాగం నువ్వు నాటికలో పెట్టవు, పిల్లలు భయపడతారని. పెద్దవాళ్లం మనమూ దాన్ని దాటేసి మిఠాయిల దగ్గరికి వెళ్లిపోతాం.

ప్లాంటులో కెమెరాలు రోజంతా తీస్తూనే ఉంటాయి. అన్ని టేబుళ్లు, అన్ని చేతులు, అన్ని గంటలు. అదంతా కూర్చుని చూసే మనిషి లేడు. ఎక్కడ చూడాలో వాళ్లకు తెలియదు. కావాల్సింది ఒక నిజాయితీ గల మనిషి వచ్చి, కాఫీ తాగి, మూడుంపావు లోపు, ఆరో టేబులు అని చెప్పడం. అది నేను చెప్పాను. ఆ పిల్లను లేపడానికి వంగింది ఎవరో వాళ్లు అయిదు నిమిషాల్లో చూసుకుని ఉంటారు. హేరోదు దగ్గర ఏ మిషనూ లేదు కాబట్టి జ్ఞానులు అవసరమయ్యారు అనుకునేదాన్ని. ఇన్ని మిషన్లున్నా ఈయనకు నేను అవసరమయ్యాను. చదువుకున్నవాళ్లం, ఏదైనా సరిగ్గా చెప్పాలనే పట్టుదల ఉన్నవాళ్లం, మర్యాదగా అడిగితే కాదనలేనివాళ్లం. అలాంటివాళ్లు లేకపోతే అంత పెద్ద మిషను గుడ్డిది.

గుడి నుంచి ఆటోల దగ్గరికి నడుస్తూ కరుణతో అన్నాను, "నీ పని పోవడానికి కారణం నేను. ఏ రోజో, ఎంత సమయమో, ఏ టేబులో నేనే చెప్పాను."

"తెలుసండి. ఆ రోజే తెలిసిపోయింది. మీరేం పెట్టుకోకండి మనసులో" అంది. తర్వాత, "కానీ ఇంకెప్పుడూ చెప్పకండి" అంది.

మర్నాడు పొద్దున మేనేజరే ఫోన్ చేశాడు.

"గుడ్ న్యూసండి మేడమ్. కరుణ గారి ప్రాబ్లం ఇవాళో రేపో సాల్వ్ అయిపోతుంది. మీతో ఓసారి కూర్చుందామండి. ఇంకా ఎవరెవరికి ఇబ్బందులున్నాయో మీ దగ్గర లిస్టు ఉంటుంది కదా. అది ఇస్తే ఒక్కొక్కరితో మేమే మాట్లాడి సెట్ చేస్తాం."

"లిస్టు ఎందుకండి? ఎర్రచుక్క తీసేయండి, సరిపోతుంది."

"వాళ్ల మంచికేనండి. కారు పంపిస్తాను. భోంచేసి వెళ్దురుగాని."

డెస్కుకు ఫోన్ చేస్తే వాళ్లదీ అదే పాట. కంపెనీ వివరణ లేకుండా వెయ్యలేం, వెళ్లి మాట్లాడండి అన్నారు.

నీ దగ్గర దాచను. కారు వచ్చేదాకా కుర్చీలో కూర్చుని ఆలోచించాను. ఒక మనిషిని నేను బయట పడేశాను. పదకొండు పేర్లిస్తే ఆ ఒక్క మనిషి లోపలికి వెళ్తుంది. ఆ పదకొండు మందికి ఏమవుతుందో నాకు ఖచ్చితంగా తెలియదు కదా అని నాకు నేను చెప్పుకున్నాను. ఖచ్చితంగా తెలియదు అనే మాట వెనక ఎంతమంది దాక్కుంటారో రాసి బతికినదాన్ని. ఆ మాట నా నోట్లోనే ఊరింది.

కారు హారన్ వినబడింది. కిందికి దిగి డ్రైవరుతో రావడం లేదని చెప్పాను. "సారు తప్పకుండా తీసుకురమ్మన్నారండి" అన్నాడు. "నువ్వు వచ్చావనీ, నేను రాలేదనీ చెప్పు బాబూ" అన్నాను. ప్లాంటు మా గట్టు వైపే ఉంది. కరుణ వాళ్ల ఊరికి ఆ గేటు ముందునుంచే దగ్గర దారి. నేను వంతెన దాటి అవతలి గట్టున షేర్ ఆటో ఎక్కాను. ముప్పావుగంట ఎక్కువ పట్టింది.

కరుణ ఇంటి వెనక నీళ్లపొయ్యి దగ్గర కూర్చుని ఉంది. ఉన్నదున్నట్టు అంతా చెప్పాను. పదకొండు పేర్లిస్తే నీకు గేటు తెరుస్తారు, నిర్ణయం నీది కూడా అన్నాను. ముందు నవ్వింది.

"భోజనం కూడానా అండి? రొయ్యలే పెడతారేమో!"

నవ్వు ఆగాక పొయ్యిలో పుల్లలు సర్దింది. ఇంట్లో పొయ్యి ఎలా వెలుగుతోందో నేను చూశాను. భర్త చెరువుల మీద కూలికి వెళ్తాడు, అది రోజూ ఉండదు. ఇద్దరు ఆడపిల్లలు కాలేజీలో ఉన్నారు.

"ఆ పదకొండు మంది లోపలుంటేనేగాండి, లోపలేం జరుగుతుందో బయటికి తెలిసేది. వాళ్లూ నాలాగా గేటు బయట నిలబడితే మీకెవరు చెప్తారు?" అంది. "నన్ను అడిగారు కాబట్టి చెప్తున్నాను. ఇవ్వొద్దండి."

నోటుబుక్కు తీసి పేర్లున్న కాగితాలు చింపి ఆమె చేతికిచ్చాను. ఇరవై ఆరేళ్లలో ఒక్క కాగితం పారేయలేదు నేను. మనింట్లో అటక మీద ఉన్న పెట్టెలు చూసి నువ్వు ఎన్నిసార్లు తిట్టావో. కరుణ వాటిని తిరగేసి చూడనైనా లేదు, పొయ్యిలో పెట్టేసింది. ఆ నీళ్లతోనే స్నానం చేసింది.

ఇక చేయాల్సిన పని ఒకటే మిగిలింది. ఇలాంటి కేసులు చాలా రాశాను కాబట్టి తర్వాత ఏమవుతుందో నాకు తెలుసు. నెల గడిచాక, మేం తీసేయలేదు, ఆవిడే రావడం మానేసింది అంటారు. మిషను దగ్గర ఆమె వచ్చినట్టు రుజువు ఉండదు. గుర్తించని ముఖం వచ్చినట్టు లెక్కలోకి రాదు కదా. అందుకని రోజూ వెళ్లి గేటు ముందు నిలబడు, నేనూ వస్తాను, ఎన్ని గంటలకు వచ్చావో నేను రాసి పెడతాను అన్నాను. సమయం రాయడం ఒక్కటే నాకు వచ్చిన విద్య, అది ఈసారి ఆమెకు పనికొస్తుందేమో అనుకున్నాను.

మరుసటి పొద్దున మంచులో ఇద్దరం వెళ్లాం. మిషను ఎర్రలైటు వేసింది. నేను నోటుబుక్కు తీయగానే గార్డు నా దగ్గరికి వచ్చాడు.

"ఏం రాస్తున్నారండి?"

"కరుణ పనికి వచ్చిందని."

"అది నేను మొదటి రోజు నుంచే రాస్తున్నానండి" అన్నాడు.

గదిలోకి వెళ్లి పొడుగాటి పాత రిజిస్టరు తెచ్చాడు. మిషను రాకముందు హాజరు రాసే పుస్తకం. చివర్లో మిగిలిన ఖాళీ పేజీల్లో చెయ్యి తిరిగిన అక్షరాలతో రోజుకొక వరస. తేదీ, కరుణ పేరు, వచ్చింది అనే మాట, ఆరూ నలభై, ఆరూ ముప్పై ఎనిమిది. ప్రతి వరస కిందా ఆయన సంతకం. ఎవరూ రాయమనలేదు. ఆమెకు కూడా తెలియదు.

"ఎందుకు రాశారండి?" అని అడిగాను.

"మిషను రాకముందు పద్దెనిమిదేళ్లు ఈ గేట్లో నేనే రాశానండి. వచ్చిన మనిషిని రాయకుండా ఎట్టా వదిలేస్తానండి?"

ఆ పేజీలు లేబర్ ఆఫీసులో చూపిస్తే మీ ఉద్యోగానికి ఇబ్బంది అవుతుంది, నేను మీ పేరు బయట పెట్టను అన్నాను. ఆయనకు కాస్త కోపం వచ్చింది.

"నా పేరు నేనే రాసుకున్నానండి, నా సంతకం నేనే పెట్టాను. ఇందులో మీరు బయటపెట్టేదేముంది? తీసుకెళ్లండి."

దరఖాస్తు పెట్టాం. లేబర్ ఆఫీసులో అధికారి మొదట అడిగిన మాట, ఈవిడ రోజూ వచ్చినట్టు రుజువేంటి అని. రిజిస్టరు పేజీల కాపీలు బల్ల మీద పెట్టాం. ఆయన కళ్లజోడు పెట్టుకుని ఒక్కో వరసా చదివాడు. ఇరుపక్షాలనూ పిలుస్తామని నోటీసు ఇచ్చారు, వచ్చే నెలలో. ఏమవుతుందో నాకు తెలియదు. తెలిసినట్టు రాయను.

వార్త వచ్చింది, జిల్లా పేజీలో ఒక కాలమ్. టేబులు నంబరు లేదు, రోజు లేదు, సమయం లేదు. డెస్కులో కుర్రాడు ఫోన్ చేసి, "ఇదేంటి మేడమ్, మీ కాపీలో ఇవి లేకపోవడం ఎప్పుడూ చూడలేదు" అన్నాడు. లేవు, అలాగే వెయ్యి అన్నాను. కంపెనీ వివరణ కూడా వేశారు, సాంకేతిక సమస్య అని. మేనేజరు ఇప్పుడు నా ఫోన్ ఎత్తడం లేదు. మొన్న బజారులో ఎదురుపడితే మాత్రం "బాగున్నారాండి మేడమ్" అని నవ్వుతూ పలకరించాడు. బాగున్నానండి అనే అన్నాను.

రొయ్యల ఇగురు మాత్రం మానేశాను. ఇంటావిడ ఏమనుకుంటుందో అని కడుపులో నొప్పి అని అబద్ధం చెప్పాను.

ఇప్పుడు నాకోసం ఒక పని చెయ్యి అక్కా. జొన్నపిండి మరిచిపోయినా ఇది మరిచిపోకు. మన నాటికలో జ్ఞానులు హేరోదు దగ్గరికి మళ్లీ పోవద్దని స్వప్నం చూసి వేరే దారిన వెళ్లిపోయారు అని నువ్వు మైకులో ఒక్క ముక్క చెప్పేసి తెర వేయిస్తావు. మన హాలు స్టేజీకి ఒకటే తలుపు కాబట్టి, పిల్లలు హేరోదు కూర్చున్న వైపు నుంచే బయటికి పోతారు. చిన్నప్పుడు నేనూ అలాగే పోయాను, హేరోదుకు చెయ్యి ఊపి మరీ. వచ్చే ఏడు అలా పంపకు. స్టేజీ ముందు వైపు ఒక బల్ల వేసి, అక్కడ నుంచి దించి జనం మధ్యలోంచి నడిపించు. దారి లేదని పిల్లలంటే జనాన్ని కాస్త జరగమను. జరుగుతారు.

బావగారికి, పిన్నమ్మకు నా వందనాలు. పెద్దాడికి దీవెనలు. పాస్టరు గారిని కరుణ కోసం ప్రార్థించమను, పేరు చెప్పనక్కర్లేదు, ఒక మనిషి అని చెబితే చాలు. నువ్వు నన్ను దీవించి, తిట్టాలనుకుంటే తిట్టి, తప్పకుండా జవాబు రాయి. నేను బాగానే ఉన్నాను. రేపు ఆరున్నరకల్లా గేటు దగ్గర ఉండాలి, పడుకుంటాను.

నీ చెల్లెలు,
ప్రమీల